తొమ్మిది రూపాయల పిట్ట

మద్దిచెట్ల కింద నా కొలువు.
చేతిల గులేరు, జేబునిండ మట్టిగోలీలు.
నాలుగో నిద్ర లేచిన దసలి పురుగులు
ఆకు నములుతుంటె
ఎక్కడో దూరంగ వాన పడ్డట్టే ఉంటది.
ప్రాణహిత అవతలి ఒడ్డుకు నిజంగనే పడుతున్నదేమో,
సిరొంచ దిక్కు మాత్రం ఎండ.

కాకి వస్తె హోయ్.
ఉడుత వస్తె హోయ్.
కందిరీగకు పొగ, చీమకు చెట్టు మొదట్ల బూడిద.
ఇరవై రెండేండ్ల సంది నేను నేర్చిన విద్య ఇదొక్కటే,
వచ్చేదాన్ని రాకుంట చేసుడు.

నా బిడ్డ సుమేధ నా పక్కకే కూసోని
దీనికి ఉల్టా పని చేస్తది.

బల్లార్షా పాతసామాన్ల బజార్ల
వాళ్ల మామ మూడువందల యాభైకి బేరం చేసి తెచ్చిన డబ్బీ అది.
పుస్తకం లెక్క తెరుచుకుంటది, లోపల రెండు అద్దాలు.
మడతకాడ ఇరిగితె ఎర్రదారం చుట్టినం.
గీసే పుల్ల ఎప్పుడో పోయింది,
ఈతచీపురు పుల్లను నున్నగ గీకి ఇచ్చిన.
అద్దంల ఒక తోట.

మొదటిసారి తెరిచిన్నాడు తోటంత గడ్డే.
మీద ఇంగ్లీషుల ఎవని పేరో, ఓంకార్ అట,
ఎన్నేండ్లాయెనో ఇడిసిపెట్టి.
"చెరిపేసి కొత్తది షురూ చెయ్" అన్నడు మామ.
పిల్ల చెరపలే.
మూడు దినాలు కూసోని గడ్డి పీకింది.
గడ్డి కింద ఒక తాబేలు, బతికే ఉన్నది.

ఆ తోటల ఎవర్నీ పట్టుకునుడు లేదట, కట్టేసుడు లేదట.
గుంట తవ్వితె కప్ప వచ్చి చూస్తది.
పొద్దుతిరుగుడు పూస్తె చిలుక.
ముందుగాల కంచె కాడనే నిలబడుతయి,
రేషన్ కార్డు జిరాక్సుల మొకాల లెక్క
నలుపు, తెలుపు.
తోట నచ్చితెనే లోపలికి అడుగు,
అప్పుడొస్తది రంగు.

"నచ్చకుంటె?"
"పోతది బాపు. మనం ఇంకేదన్న నాటాలె."

బడిల మరాఠి, ఇంట్ల తెలుగు, డబ్బీల ఇంగ్లీషు.
కప్పకు మూడూ అక్కెర లేదు.

మొన్న మాపటీలి
మూడో వరుస చెట్టు మీదికి ఒక పిట్ట వచ్చి వాలింది.
నల్ల మెడ, తెల్ల పొట్ట,
తోక నిలువుగ లేపి
నా కష్టాన్నే చూస్తున్నది.
నేను రబ్బరు గుంజిన.
పిల్ల నా ముంజెయ్యి మీద చెయ్యేసింది, మెల్లగ,
"ఆగు బాపు.
దానికింక రంగు రాలే."

నవ్వాల్నో తిట్టాల్నో తెలువలే.
రబ్బరు గుంజినకాడనే ఉన్నది,
గోలీ ఏళ్ల నడుమ చెమటకు కరుగుతున్నది.
పిట్ట ఒక పురుగును తిన్నది. ఇంకొకటి.
మూడోదాన్ని కొమ్మకు కొట్టి కొట్టి మింగింది.

మూడు పురుగులంటె మూడు కాయలు.
కాయకు మూడు రూపాయలు.
తొమ్మిది రూపాయలు ఆ పిట్ట నాకు బాకీ.
ఇంటిదానికి చెప్పలే.
తెల్లారి మల్ల వస్తె కొట్టిన,
తాకలే, తాకేటట్టు కొట్టలే అనుకో.

నిన్న రాత్రి కావలి గుడిసెల
పిల్ల నిద్రపోయినంక డబ్బీ తెరిచిన.
ఒక్క గీత చార్జింగు, ఎర్రగ.
పుల్లతోటి తడుముకుంట రెండు గడ్డిదుబ్బలు పీకిన.
తాబేలు తల తిప్పి చూసింది,
ఓంకార్ అనుకున్నదో, ఏమో.

అప్పుడు కంచె కాడ ఏదో వచ్చి నిలబడ్డది.
చెవులు పొడుగు. రంగు లేదు.
దాని మీద ఇంగ్లీషు అక్షరాలు మెరిసి పోయినయి, నాకు రావు.
ఏం తింటదో తెల్వదు,
ఏ చెట్టు కావాల్నో తెల్వదు.
హోయ్ అనబోయిన నోరు
అట్లనే తెరుచుకొని ఉన్నది.

బయట పురుగులు నములుతనే ఉన్నయి.
పిల్లను లేపాల్నా?
అద్దం ఆరిపోకముందే
ఉన్న ఇత్తులన్ని
ఒకదాని పక్కకొకటి నాటుకుంట పోయిన.