తలకొక జ్ఞాపకం

చైనా నుంచి వచ్చి పదకొండు రోజులైంది.
బాలాజీ కాలనీలో మా కాలేజీ, సెమినార్ హాలు,
కిర్రుమనే ఫ్యాన్ల కింద పద్దెనిమిది మందిమి.
"తలకొక జ్ఞాపకం. బాగా నచ్చింది, ఒకటే" అన్నారు
వసుంధర మేడం, మైకు మీద రెండుసార్లు తట్టి.

హేమాద్రి గోడతోనే మొదలుపెట్టినాడు.
గోడ గురించి కాదు, గోడ మీద వాడి చెప్పు తెగిన సంగతి.
"మోకాళ్ళ పర్వతం ఎక్కినోణ్ణి, ఇదొక లెక్కా" అని
ముందురోజు రాత్రి కోసిన కోతలన్నీ
ఆ మెట్ల మీదే దిగబెట్టి వచ్చినాడంట.

రిహానాకి పార్కులో ముసలమ్మ.
పొద్దున్నే పాట పెట్టుకొని చేతులు తిప్పతా ఉంటే
ఈ పిల్ల పోయి వెనకాల నిలబడింది.
ముసలమ్మ తిరిగి చూసి, ఏమీ అనకుండా,
ఈమె మోచేతిని రెండంగుళాలు పైకెత్తి
మళ్ళా తన పనిలో తాను పడింది.
"అంతే మేడం. ఆ రెండంగుళాలే."

జ్ఞానేశ్వరి బుల్లెట్ రైలు గురించి చెప్తానని లేచింది.
"కిటికీలో ఒకామె, వరిమడిలో
నడుం పట్టుకొని నిలబడి ఉండింది మేడం, అచ్చం..."
అని కూచునేసింది.
రైలు ఎంత స్పీడో ఆ అమ్మికి గుర్తే లేదు.

నా వంతు.
"నది మీద లైట్లు" అన్నాను.
చప్పట్లు కొట్టినారు.

చెప్పనిది ఇది:
గ్వాంగ్‌జౌలో అందరూ ఫోను కవర్లు బేరమాడతా ఉంటే
నేనొక సందులోకి తిరిగినాను.
రెండు పక్కలా జుట్టే.
జడలుగా, కుచ్చులుగా, మూరలేసి కట్టలుగా,
కళ్ళు లేని ప్లాస్టిక్ తలల మీద.
ఒక కట్టకి అట్ట చీటీ. దాని మీద ఇంగ్లీషులో
నాకు చదవొచ్చిన ఒకే ఒక్క మాట: ఇండియా.

మా నాయన కల్యాణకట్టలో కత్తి పట్టి ఇరవై రెండేళ్ళు.
కాలేజీలో మాత్రం "దేవస్థానంలో ఉద్యోగం."
అంతవరకే చెప్పినాను నేను.
ఇంటికొస్తే ఆయన చొక్కా మడతల్లో
ఎవరెవరివో వెంట్రుకలు.
అమ్మ విదిలిస్తా అనేది:
"ఒక్కోటీ ఒక్కో మొక్కు మే, తొక్కద్దు."
బిడ్డకి జొరం దిగాలని ఒకటి.
కోర్టులో కేసు గెలవాలని ఒకటి.
ఏం కోరుకున్నిందో మర్చిపోయిన అవ్వది ఒకటి.

అంగట్లో పిల్లకి నా ఈడే ఉంటుంది.
అద్దం ముందు కుర్చీ చూపించి
పొడుగు జుట్టొకటి తెచ్చి నా తల మీద పెట్టింది.
బరువు.
అద్దంలో నేను, ఎవరి మొక్కునో కప్పుకొని.
ఆమె నా మెడ కొంచెం వంచి,
బొటనవేలితో పాయని చెవి వెనక్కి తోసింది.
మా నాయన పసిబిడ్డల తల వంచేది అట్లనే,
"అయిపోయె, అయిపోయె" అని బుజ్జగిస్తా.
ఆమె కూడా ఏదో అనింది.
నాకు ఆ భాష రాదు. అదే మాటని నమ్మినాను.

కొనలేదు. ధర ఫోనులో చూపిస్తే
తల అడ్డంగా ఊపినాను.
కోపం చేసుకోలేదు ఆ పిల్ల.
నేలమీద రాలిన ఒక్క వెంట్రుకని
వంగి ఏరుకొనింది.

ఈ రాత్రి కొర్లగుంటలో మా ఇల్లు.
నాయన షిఫ్టు దిగి వచ్చి చొక్కా విప్పతా ఉంటే
"ఇట్లియ్యి" అని తీసుకున్నాను.
కాలరు కింద ఒకటి దొరికింది,
పొడుగ్గా, కొన మాత్రం గోరింటాకు రంగులో.
ట్యూబులైటు కిందికి పట్టుకొని
"నాయనా, ఇది ఎంత దూరం పోతుందో తెలుసునా నీకు?"
అన్నాను.
సంగటి ముద్ద చేతిలో పట్టుకొని
ఆయన నా వైపు చూసినాడు.
"చెప్పు" అన్నాడు.