పదిహేడు వరుసలు

వంజరం ముక్కలు కోసి ఇచ్చాక
హార్బరు నూకాలమ్మ నా వెనకాలే ఇంటికి రాదు.
పులుసు పెట్టావా, వేపుడు చేశావా,
పక్కింటికి గిన్నెడు పంపావా, ఏదీ అడగదు.
డబ్బులు కొంగున ముడేసిందంటే
చేప నాది.

ఆటల కంపెనీ అలా కాదు.
పోయిన శ్రావణంలో మూడువేల రెండొందలు పోసి కొన్న కారు పందెం
మొన్న మంగళవారం తెరిస్తే
"ఈ సేవ ముగిసింది, మీ ఆదరణకు ధన్యవాదాలు."
డబ్బా బీరువాలోనే ఉంది. డిస్కు మెరుస్తూనే ఉంది.
గెడ్డం గీసుకోడానికి అద్దంగా పనికొస్తుంది.

డాబాగార్డెన్స్ సందులో నాదో చిన్న కొట్టు.
కన్సోళ్ళు, రిమోట్లు, నీళ్ళలో పడ్డ ఫోన్లు.
ఉప్పుగాలి ఈ ఊళ్ళో ఏ బోర్డునీ వదలదు.
ఆకుపచ్చ తుప్పుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే
స్పిరిట్ వాసనలో మధ్యాహ్నాలు కరిగిపోతాయి.
ఈ మధ్య కొత్త మోడళ్ళు నా చేతిని పసిగడుతున్నాయి:
ఫ్యాను మార్చి మూత బిగించగానే
"పరాయి భాగం" అని తెరమీద పోలీసు కేక.
ఫ్యాను తిరుగుతోంది కదరా బాబూ,
గాలికి కంపెనీ ఏమిటి?

నేనూ నిప్పులు కడిగే వంశంలో పుట్టలేదు.
జగదాంబ దగ్గర ముప్ఫై రూపాయల దొంగ సీడీలతోనే
నా డిగ్రీ మూడేళ్ళూ గడిచాయి.
వాటిలో ఒకదాంట్లో, వైరస్‌ల పక్కన,
బుద్ధిగా కూర్చున్న చిన్న ఫైలు:
ఇది అందరిదీ. లోపల చూడొచ్చు, మార్చుకోవచ్చు,
మార్చింది మళ్ళీ పదిమందికీ ఇవ్వాలి.
రెండుసార్లు చదివాను.
మా అత్త ఆవకాయ కొలత కూడా
ఇంత మనసుపెట్టి చెప్పలేదు.

ఆ ఆటలో తెలుగు ఉండేది, పేరుకి.
వత్తులు పక్కకి జారిపోయి
ఒడ్డుకి కొట్టుకొచ్చిన తెప్పల్లా అడ్డదిడ్డంగా.
పదకొండు రాత్రులు కూర్చుని పదిహేడు వరుసలు రాశాను.
మంచు కురిసే ఊరివాడెవడో, నా ముఖం ఎరగనివాడు,
కామా ఒకటి తప్పిందని వెనక్కి పంపాడు.
తిట్టుకున్నాను. దిద్దాను. తీసుకున్నాడు.
ఇప్పుడు "యుద్ధం" అన్న మాటలో
ధ వత్తు తిన్నగా నిలబడిందంటే
దాని కింద నా మెడనొప్పి ఉంది.

టీకొట్టు దగ్గర తవిటినాయుడంటాడు:
"నీకాడ దాసుకోడానికేటుంది గురూ?
సూసుకుంటే సూసుకోనీ."
నాయుడూ, టార్చిలైటు వెలగడానికి
నీ బావమరిది ఫోన్ నంబరెందుకు?
లూడో గవ్వ కదలడానికి
ఆదివారం నువ్వు ఎక్కడికెళ్ళావో ఎందుకు?
నవ్వేసి ఇంకో రెండు టీలు చెప్పాడు.
కాసేపాగి, ఏమీ అనకుండా,
ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు.

హుద్‌హుద్ గుర్తుందా.
మూడో రాత్రి. కైలాసగిరి ఒంటిమీద ఆకు లేదు.
పాలు లేవు, కరెంటు లేదు, టవర్లు నడుం విరిగి పడున్నాయి.
అక్కయ్యపాలెంలో మా మెట్లమీద ఐదుగురు పిల్లలు,
ఆటో బ్యాటరీకి తగిలించిన నా పాత లాప్‌టాప్.
కొన్న ఆటలన్నిటిదీ ఒకటే మాట:
ఇంటర్నెట్‌కి కలపండి.
ఊరే తెగిపోయింది, దేనికి కలపను?

పదిహేడు వరుసల ఆట మాత్రం
ఎవర్నీ అడగకుండా తెరుచుకుంది.
వంతులవారీ ఆట, అయినా
ఐదు జతల చేతులూ ఒకే కీబోర్డు మీద,
మోచేతుల తగువులు, దోమలు.
రెండో అంతస్తు షాహీన్ గుర్రాల దండుతో
లోహిత్ కోటని మూడువైపులా మూసేసింది.
ఆఖరి దెబ్బకి ముందు
బ్యాటరీ పోయింది.
చీకట్లో అయిదుగురూ గెలిచారు, గట్టిగా.

షాహీన్ ఇప్పుడు గాజువాకలో నర్సు.
మొన్న ఛార్జింగ్ పిన్ మార్పించుకోడానికొచ్చి
"అన్నా, ఆ ఆట ఉందా?" అంది.
నాలుగు కంప్యూటర్లు మారాయి. ఫైలు మారలేదు.
రెండుసార్లు నొక్కాను.

"షాహీన్ వంతు" అంది తెర,
తెలుగులో.
హ్యాండ్‌బ్యాగు కౌంటరు మీద పడేసి
ఆమె కుర్చీ లాక్కుంది.