తవిటిపువ్వు

చీపురుపల్లి స్టేషన్లో, రెండో ప్లాట్‌ఫారం చివర
సున్నం కొట్టిన ఏటవాలు ఇటుకల వెంట
జానెడైనా ఎత్తు లేని తెల్లపూలు.
మధ్యాహ్నం పాసింజరు వెళ్ళిపోయాక
కాలిన ఇనుము వాసనని తోసుకుంటూ
తేనె వాసన.

విత్తనాల పొట్లం మీద పేరు చదివాను:
అలిస్సం.
తవిటమ్మ నీళ్ళడబ్బా దించి నవ్వింది.
"అలిసిపోనాదేటి బాబూ,
మొన్నే కదా మొలిసింది?"

పొట్లం మీద ఇంకో మాట కూడా ఉంది,
ఒక్క ఏడాది మొక్క అని.
అదీ చదివాను. చదవకుండా ఉండాల్సింది.
తడిమట్టిని వేళ్ళతో నొక్కుతూ
చాలాసేపు మాట్లాడలేదు.

"నాకు ముందర ముగ్గురు పోనారు.
నన్ను సేటలో ఎట్టి పొరుగింటికిచ్చీసి
గుప్పెడు తవుడెట్టి మళ్ళీ కొనుక్కుంది మాయమ్మ.
సవక పేరైతే సావు కన్నెత్తి సూడదంట.
తవిటిపువ్వని రాసుకో."

స్టాకు రిజిస్టర్లో అలాగే రాశాను.

చైత్రం ఎండకి వరసంతా గడ్డయిపోయింది.
ఎర్రసిరాతో పేరు కొట్టేసి
పక్కన పొట్టి సంతకం పెట్టాను.
ఆమె ఏమీ అడగలేదు,
ఎండు మొదళ్ళని ఇటుకల మీదే దులిపింది.

మొన్న కార్తీకంలో
ఇటుకల సందుల్లో, పట్టాల పక్క కంకరలో కూడా
ఆవగింజంత ఆకులు.
ఎవరూ కొనలేదు, ఎవరూ నాటలేదు.
కొట్టేసిన పేరుని మళ్ళీ ఏ గడిలో రాయాలో
రిజిస్టరు అట్ట మీది నిబంధనల్లో
ఎంత వెతికినా లేదు.