గొలుసు మేర

మూతబడ్డ క్వారీ గేటు దగ్గర
వాచ్‌మన్ పోయాడు, తాళం పోయింది,
రేకుల గదికున్న తలుపు కూడా ఎవరో పీక్కుపోయారు.
కుక్కని మాత్రం ఎవరూ దొంగిలించలేదు.

రాతిపొడి పేరుకుని ఏ రంగుదో తెలియలేదు.
దగ్గరికి పోతే మొరగలేదు.
చప్పట్లు కొట్టాను, ఈల వేశాను.
నా నీడ దాని ముందుకాళ్ళ మీద పడ్డాకే
ఉలిక్కిపడి లేచింది.
అప్పుడర్థమైంది,
ఇన్నేళ్ళ మధ్యాన్నం మూడింటి మందు
దాని చెవులు తినేసిందని.

ఆ మందు దట్టించిన చేతుల్లో
ఇవి కూడా ఉన్నాయి.
పదకొండేళ్ళు ఆ గేట్లోంచి వచ్చీ పోయినవాణ్ణి,
ఒక్కనాడన్నా దానివైపు చూశానా అని
ఎంత తవ్వుకున్నా తగలడం లేదు.
చీమకుర్తి నేలలో
రెండొందల అడుగుల కింద రాయి తీసినవాణ్ణి.

మెడకున్నది పట్టెడ కాదు, క్రేను తాడు పోగు.
బొచ్చులోంచి తోల్లోకి, తోల్లోంచి కండలోకి దిగింది.
పశువులాసుపత్రి ఖాజావలి
కటింగ్ ప్లేయరుతో ఒక్కో తీగా తెంపుతుంటే
నేను తల పట్టుకున్నాను, దానిది.
పళ్ళు చూసి, నా ఎడమచెవి పక్కకొచ్చి అరిచాడు:
"పన్నెండు దాటుంటై యలమందా!
బాగుచేసి దేనికి కాపలా పెడతావ్?"
"నాకాడ ఏముంది కాపలా పెట్టను?"
డబ్బులు తీసుకోలేదు.
టీ మాత్రం రెండుసార్లు తాగాడు నా ఖాతాలో.

ఇంటికాడ అంకాలు గడపలోనే నిలేసింది.
"రెక్కలుడిగి ఇంటికొచ్చినోళ్ళు
ఒకరు చాల్లేదా?"
వినపడలేదనుకుంది.
పెదాలు చూసి మాట పట్టడం నేర్చానని
ఆమెకింకా చెప్పలేదు.

మూడుసార్లు నీళ్ళు పోస్తే
మూడుసార్లూ సున్నప్పాలే కారాయి.
నాలుగోసారి అడుగునించి బెల్లం రంగు బయటపడింది.
పిడుదులు ఏరి కిరసనాయిల్లో వేశాను,
వందదాకా లెక్కపెట్టి మానేశాను.
పుండుకి పసుపు, వేపనూనె.
ఆ కంపుకి ఎదురింటి పేరయ్య
వారం రోజులు మా అరుగెక్కలేదు, అదొక లాభం.

ఒకపూట దాని సంగట్లో ఉడికిన గుడ్డు కనపడింది.
"ఎవరు పెట్టారు?" అనడిగితే
"కోడి పెట్టింది" అంది అంకాలు
పొయ్యి వైపు తిరిగి.

గొలుసు లేదు.
అయినా పంచ గుంజ చుట్టూ ఆరడుగులే తిరిగేది.
ఆరో అడుగున ఎవరో లాగినట్టు
మెడ వెనక్కిపోయేది.
గిన్నె ఏడో అడుగులో పెడితే
ఆకలితోనే నిలబడేది,
చొంగ నేల మీద పడేది గానీ
కాలు పడేది కాదు.
అంకాలు నవ్వింది. నేను నవ్వలేదు.
పని మానేసి రెండేళ్ళయినా
మూడు కొట్టేసరికి నేనూ
మంచం దిగి గోడ చాటుకి పోతున్నాను గదా.

భాద్రపదంలో, ముసురు పట్టిన ఒక మధ్యాన్నం
రామతీర్థం పక్కన ఏ క్వారీలోనో
పెద్ద మందే కొట్టారు.
మాకిద్దరికీ చప్పుడు లేదు.
చెంబులో నీళ్ళు వణికాయి,
నా అరికాళ్ళు వణికాయి.
దాని అరికాళ్ళు కూడా వినుంటాయి.
ఆరు, ఏడు, పది అడుగులు!
గీత ఎక్కడుందో చూసుకోకుండా దూకి
నా మంచం కిందికొచ్చింది.
నులక అల్లికలోంచి దాని వీపు వణుకు
నా వీపుకి ఎక్కింది.
నేను గోడ చాటుకి పోలేదు ఆ రోజు.
రెండో మందు కోసం ఇద్దరం
అట్టాగే కాసుకుని ఉన్నాం.
అది రాలేదు.

పేరు పెట్టలేదు దానికి.
పిలిస్తే వినేవాళ్ళకు గదా పేర్లు.
మడమతో నేల మీద రెండుసార్లు కొడితే
ఏ మూల పడుకున్నా తల ఎత్తుతుంది.
అది చూశాక అంకాలు
నన్ను కూడా అరిచి పిలవడం మానేసింది.
పొద్దుగూకి, అన్నం వార్చి,
వంటింట్లో రెండుసార్లు మడమ కొడుతుంది.
ఎవర్నో తెలియక
ఇద్దరం లేచి పోతాం.