పొట్టి చెయ్యి స్వెట్టరు

రెండో షిఫ్టు దిగి క్వార్టరుకి వచ్చేసరికి పదిన్నర.
ఒనకడిల్లిలో డిసెంబరంటే
గడ్డి మీద ఎవరో కల్లుప్పు చల్లి పోయినట్టుంటుంది.
ఇంట్లో అందరూ నిద్ర.
హార్లిక్స్ సీసా మూత తిప్పి
గాలాల్ని పాత పేపరు మీద ఒంపుతాను.
కొన్ని తుప్పు, కొన్ని మొండి, ఏడెనిమిది బతికున్నవి.

చలికి చేప బద్ధకిస్తుంది, నోరు పెద్దగా తెరవదు,
అందులో చిన్నదే ఏరుకోమని
వైండింగు లోకనాథం మాస్టారి మాట.

ముప్పై ఏళ్లు ఆయన
పవర్ హౌసులో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టాడు.
చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు,
చుట్టుకీ చుట్టుకీ నడుమ వెలుతురు దూరకూడదు,
మోటారుకైనా, ఎరకైనా.
ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు.
నేను కట్టింది పట్టుకెళితే
కింది పెదవికి ఆనించి నెమ్మదిగా తిప్పుతాడు.
"మెడ దగ్గర పోగు లేచిందిరా" అంటాడు.
గుచ్చుకుంటుందేమోనని నాకే భయం.

ముందు సీసం.
లారీ బ్యాటరీ పలకలో ముక్క, పెసరగింజంత బొట్టు.
పప్పు గరిటెలో కరిగించానని
మా ఇంటావిడ ఆ గరిటె పేరు మీద
వారానికోసారైనా నన్ను తలుచుకుంటుంది.

తరవాత ఈక.
గురువారం సంతలో సుక్రి ఖిల్లో
ఎర్ర పుంజుని చంకన పెట్టుకుని కూర్చుంది.
మెడ ఈకలు నాలుగు ఇమ్మన్నాను.
పుంజుని కొంటే ఈకలు ఊరికే,
ఉత్త ఈకలకైతే పుంజు ఖరీదంది.
పక్కన పసుపు అమ్ముకునే ముసలాయన
చుట్ట పడిపోయేలా నవ్వాడు.
పుంజునే కొన్నాను.

రాగి తీగ మాస్టారిదే, జుట్టు కన్నా సన్నం.
వేళ్లు కొంకర్లు పోతుంటే
లాంతరు గాజుకి ఆనించుకుని మళ్లీ చుట్టాను.
అంతా అయ్యాక చూస్తే
మబ్బు నీళ్లలో కనపడ్డానికి ఎరుపు లేదు.
కుర్చీ మీద మా లిఖిత స్వెట్టరు.
కుడి చేతి అంచున పోగు ఊడి వేలాడుతోంది.
ఒక్క జానెడే లాగుదామనుకున్నాను.
ఉన్నికి జానా బెత్తా ఏం తెలుసు,
వస్తూనే ఉంది.

నాలుగింటికి బండి తీశాను.
జలాపుట్ చేరేసరికి
పొగమంచులో నీళ్లేవో గట్టేదో తెలియడం లేదు.
దారం అడుగు దాకా వదిలి
ఒకసారి ఎత్తాను, రెండుసార్లు మరిచిపోయాను.
అలాగే చెయ్యమన్నాడు మాస్టారు.
ఎత్తడం ఎవడికైనా వస్తుంది,
మరిచిపోవడం దగ్గరే అందరూ తొందరపడతారట.

రెండో మరుపులో ఉండగా
ఎవరో కింద తలుపు వేసినట్టు బరువు.
కొర్రమీనో వాలుగో, ముఖం చూపించలేదు.
కర్ర వంగింది, నేనూ వంగాను,
మడమ జారింది,
అంతలో చేతిలో ఏమీ లేనంత తేలిక.

మాస్టారు చేప ఎంతుంటుందని అడగలేదు.
"ఎక్కడ తెగింది? ముడి దగ్గరా, నడుమనా?"
"నడుమన."
అప్పుడు గ్లాసు అందుకుని
చల్లారిన టీ అయినా ఊదుకుని తాగాడు.

లిఖితకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు,
కోపానికి రెండూ.
రెండూ అయిపోయాక
స్వెట్టరు తొడుక్కుని అద్దంలో చూసుకుంది.
కుడి చెయ్యి మూడు వేళ్లు పొట్టి.
"ఎడమ చేతిదీ లాగెయ్ నాన్నా,
సమానమైపోతాయి" అంది.
"అది దాని నోట్లోనే ఉందా ఇంకా?" అని కూడా అడిగింది.
రాగి తీగ తుప్పు పట్టదని చెప్పాను.
అడిగింది అది కాదని నాకూ తెలుసు.

రాత్రి మళ్లీ సీసం కరిగిద్దామని లేచాను.
గరిటె కనపడలేదు.
ఎక్కడో దాచేసింది.