ఇలా కుదరదు

జ్ఞానాపురంలో మా డాబా మీద
తెల్లగుడ్డ తెల్లగా ఆరదు.
మధ్యాహ్నం గాలి రేవు వైపు నుంచి వస్తూ వస్తూ
బొగ్గునుసిని చంకనెత్తుకొస్తుంది,
పిట్టగోడ మీద కూర్చోబెట్టి పోతుంది.
వేలు పెడితే పలకే.
నేను రోజూ రాసేదాన్ని: కుదరదు.
తెల్లారేసరికి దానిమీద కొత్త పొర.
మళ్లీ అదే వేలు, అదే మాట.

బీచ్ రోడ్డు లాడ్జి దుప్పట్లు నలభై
తిరిగొచ్చాయి ఆ వారం.
మేనేజరు పట్నాయక్ ఒకటి విప్పి
కిటికీ వెలుతురుకి పట్టి అడిగాడు:
"తవిటమ్మా, ఇవి ఉతికావా,
ఉతకాలనుకున్నావా?"

ఆ రాత్రి లెక్కలు మొదలెట్టాను.
ఈ లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరు.
మరకుంటే లాడ్జి పోతుంది, లాడ్జి పోతే అద్దె పోతుంది,
అద్దె పోతే తోపుడుబండి, బండి పోతే ఇస్త్రీపెట్టె.
పక్క మీంచి లేవకుండానే
కాన్వెంటు జంక్షన్ దాకా దివాలా తీశాను.

కరెంటు పోయింది. వైశాఖం ఉక్క.
చాపలు తీసుకుని అందరం డాబా ఎక్కాం.
కొబ్బరిచిప్పలో దోమల కాయిల్ వెలిగించాను.
కాసేపటికి పక్క చాప మీంచి ఆరోగ్యమ్మ:
"పొగంతా రేవు పాలు, దోమలన్నీ నా పాలు.
ఆ చిప్ప ఇటెట్టవే, నీకు పున్నెముంటది!"

చిప్ప జరపడానికి లేచి
అలాగే నిలబడిపోయాను.

పొగ సింహాచలం కొండల వైపు వీపు పెట్టి
తిన్నగా సముద్రానికి నడిచిపోతోంది.
పగలు వచ్చిన దారినే
గాలి ఇంటికెళ్లిపోతోంది, ఖాళీ చేతులతో.

పద్నాలుగేళ్లు "ఎందుకు" అని అడిగాను.
ఎందుకు నాకే, ఎందుకు ఈ డాబాకే.
ఒక్కనాడూ ఎవరూ పలకలేదు.
"ఎటు" అని అడిగానో లేదో
పొగ వేలు చాపి చూపించింది.

పాత పంచె పేలికలు చింపి
జీడిపిక్కతో గంటలు గుర్తులు పెట్టి
రాత్రంతా ఒక్కోటీ ఆరేశాను.
మొదటి రాత్రి ఒకటి పిల్లి ఎత్తుకుపోయింది.
రెండోరాత్రి నాకే కునుకు పట్టింది.
మూడోరాత్రి పేలికలు వరసగా పరిచి
టార్చి వేశాం నేనూ ఆరోగ్యమ్మా.
తొమ్మిదిది బూడిద. పదకొండుది ఫరవాలేదు.
రెండుది చూసి ఆరోగ్యమ్మ
ఏమీ అనకుండా చెంపకి ఆనించుకుంది.
అయిదుది తెల్లగానే ఉంది, కానీ మంచుకి తడిసి ముద్ద.

మంచు సంగతి లెక్కలో లేదు.
"అయిపోయింది" అని నోటిదాకా వచ్చింది, పాత అలవాటు.
మూడున్నరకే దించేసి
మిగిలిన చెమ్మ ఇస్త్రీపెట్టెకి వదిలేశాను.
అందులోదీ బొగ్గే.
రేవు బొగ్గు చెడగొట్టిన దుప్పటిని
పొయ్యి బొగ్గు సాపు చేసింది.

ఇప్పుడు అంతా బాగుందని అనను.
నుసి ఎక్కడికీ పోలేదు. నా దగ్గూ పోలేదు.
వీధంతా సంతకాలు పెట్టిన అర్జీ
ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు.
నిద్ర తక్కువై నాకు పగలు తూగొస్తోంది,
మొన్న ఒక కాలరు కాల్చాను కూడా.

నిన్న పట్నాయక్ దుప్పట్లు లెక్కపెట్టుకుని
"తెరలు కూడా ఉతుకుతావా, బరువైనవి,
ఒక్క రాత్రిలో ఆరవేమో" అన్నాడు.
ఇంటికొచ్చి పిట్టగోడ దగ్గర నిలబడితే
నేను ఆలోచించేలోపే వేలు రాసేసింది: కుదరదు.

తుడిచేద్దామనుకున్నాను.
ముందు కాస్త చోటు మిగిలి ఉంది.
అక్కడ "ఇలా" అని రాశాను.

చాలాసేపు చదువుకుంటూ నిలబడ్డాను,
ఎవరో ఉత్తరం రాసినట్టు.

వానాకాలం వచ్చేస్తోంది.
ముసురు రాత్రుల్లో గాలి ఎటు తిరుగుతుందో
నాకింకా తెలీదు.
కాయిల్ పెట్టెలు రెండు కొన్నాను.