రెండు నిమిషాలు

మూడో అంతస్తు బాధ్యత నాది.
ఇరవయ్యేళ్ళకే నా మెడలో తాళాల గుత్తి,
చేతిలో నిషేధాల జాబితా.
కొవ్వొత్తి కూడదు, హీటర్ కూడదు,
జిగురు కరిగించే తుపాకీ కూడదు,
నిప్పుకి దూరపు చుట్టమైనా సరే, కూడదు.
ఒక్క మైక్రోవేవ్ తప్ప.
మంట కనపడదు కాబట్టి
దాన్ని మంట కింద జమ కట్టలేదు ఎవరూ.

డులూత్‌లో జనవరి అంటే
సరస్సు రాత్రంతా పళ్ళు కొరికే చప్పుడు.
ఆ చప్పుడు వినిపించే వైపు గది, మూడువందల పదిహేడు.
అందులో మారిట్ హాగెన్, పానియా వాంగ్.

మారిట్ పాతబట్టల కొట్లో
రెండు డాలర్లకి స్వెట్టర్ కొంటుంది, విప్పడానికి.
ఎవరిదో మోచెయ్యి, ఎవరిదో మెడ
దారమై కుర్చీ వీపుకి చుట్టుకుంటాయి.
తడిపి ఆరేసినా ఆ ఉన్ని వంకీలు పోవు.
"పాత ఒంటిని మర్చిపోవాలి కదా, టైమ్ పడుతుంది," అంటుంది.

పానియా కుట్టేవి నత్తగుల్ల చుట్లు.
నీలం గుడ్డ మీద చీమ అడుగంత కుట్టు.
వాళ్ళ అమ్మమ్మ కొండలు దాటి, నది దాటి
సెయింట్ పాల్ చేరేసరికి
చదవడం రాదట, ఇది వచ్చట.
"మధ్యలో ఉన్నది ముత్తవ్వ," సూదితో చూపిస్తుంది.
"ఈ చివర నేను. ఇంకా గుడ్డ మిగిలింది."

గిన్నెల్లేవు, కప్పుల్లోనే వంట.
నానిన బంక బియ్యం మీద తడిబట్ట కప్పి
మూడు నిమిషాలు, కలిపి మళ్ళీ రెండు.
కేకు పొంగి, కప్పు అంచు మీద వాలి,
తలుపు తియ్యగానే నిట్టూర్చి కూర్చుంటుంది.
పెట్టె మీది గడియారం ఎవరూ సరిచెయ్యలేదు.
ఆ గదిలో ఎప్పుడూ పన్నెండే,
మిణుకు మిణుకుమంటూ.

వండని బియ్యం కొంత
జత పోయిన మేజోళ్ళలో పోసి మూతి కుట్టేస్తుంది మారిట్.
రెండు నిమిషాలు తిప్పితే
కడుపునొప్పికీ కొంకర్లుపోయిన వేళ్ళకీ అదే మందు.
(నా జాబితాలో మేజోడు లేదు. రెండుసార్లు చూశాను.)

ఆ రాత్రి రెండు దాటాక
పెంకుతో సహా గుడ్డు పెట్టారు లోపల.
ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు.
బాంబులా కాదట,
పెద్దాయనెవరో తుమ్మినట్టు పేలిందట.
పొగ.
అలారం.
నూట నలభైమందిమి పైజామాల్లో మంచులోకి.
సున్నాకి దిగువన ఇరవై రెండు.

పానియా చంకలో నీలం గుడ్డ, సూది ఇంకా దాంట్లోనే.
మారిట్ చేతిలో మేజోడు,
గుడ్డు కన్నా ముందు వాయిలో వేడెక్కినది.

చెప్పుల్లేని ఒకడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు.
ముందు వాడికిచ్చింది.
వాడు పది లెక్కపెట్టి పక్కవాడికిచ్చాడు.
ఏడుస్తున్న ఫస్టియర్ పిల్ల బుగ్గకి ఆనించుకుని,
మళ్ళీ ముందుకి.
ఎవరూ ఉంచేసుకోలేదు.
ఎందుకో నాకు తెలీదు.
తెల్లారితే క్యాంటీన్ వరసలో మోచేతులతో పొడుచుకునే వాళ్ళమే.

నాదాకా వచ్చేసరికి
అది గోరువెచ్చన కూడా కాదు.
బియ్యం వాసన, ఇన్ని చేతుల చెమ్మ, అంతే.
అయినా పిల్లికూనని పట్టుకున్నట్టు పట్టుకున్నాను
ఫైరింజన్ వచ్చేదాకా.

పొద్దున కాగితం నింపాలి.
'బాధ్యులు' అన్న చోట చాలాసేపు పెన్ను ఆగింది.
గుడ్డు, అని రాశాను.
ఆఫీసు నుంచి ఫోన్:
"ఏం ఓయాలా, గుడ్డుకి ఇంటిపేరు లేదా?"
కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు.

వారం తర్వాత నా తలుపు పిడికి
బూడిదరంగు మేజోడు వేలాడుతోంది, బరువుగా.
మడమ దగ్గర నీలం దారంతో
సగం చుట్టు తిరిగి ఆగిన నత్త.
పిన్నీసుతో చీటీ:
రెండు నిమిషాలే. ఎక్కువైతే మాడుతుంది.
దానికింద, వేరే చేతిరాతలో:
గుడ్లు కూడదు. జాబితాలో రాసుకో.